బావగారి ఉప్పునీళ్ళ పువ్వు

పోయిన వారం కళ్ళు చూపించుకుందామని రాజమండ్రిలో కొత్తగా తెరిచిన ఓ కంటి ఆసుపత్రికి వెళ్ళాను. నర్సమ్మ కంట్లో చుక్కలు వేసి, "కాసేపు కళ్ళు మూసుకుని కూర్చోండి తాతగారూ" అంది. మూసుకోమన్నప్పుడే కదా చూడాలనిపించేది. ఓరగా తెరిచి చూస్తే ఎదురుగా గోడవారన ఓ గాజు తొట్టె, అందులో గులాబీరంగు వేళ్ళు గుత్తిగా ఊగుతూ మసకమసకగా కనిపించాయి. లేచి తడుముకుంటూ వెళ్ళి అద్దానికి ముక్కు ఆనించాను. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి నవ్వి, "అది రబ్బరుదండి. నెలకోసారి సబ్బు పెట్టి కడిగి మళ్ళీ పెట్టేస్తాం" అంది. మరి దాని చుట్టూ తిరిగే ఆ చేపలో, అన్నాను. "అవి నిజంవేనండి. అందుకే చచ్చిపోతుంటాయి" అంది. ఆ మాటలో ఆ పిల్లకి ఏ విశేషమూ కనపడలేదు. నేను మాత్రం వచ్చి కుర్చీలో కూర్చుని, ఈసారి నిజంగానే కళ్ళు మూసుకున్నాను. మా బావగారి తొట్టె గుర్తొచ్చింది. ఆ నీళ్ళలో సబ్బు మాట అటుంచండి, సబ్బుతో కడుక్కున్న చెయ్యి పెట్టినా ఆయన మనిషిని గుమ్మం దాటించేవారు.

బావగారంటే మా అక్క భర్త. పాలకొల్లులో ఉండేవారు. పిల్లలు లేరు, ఇద్దరే. ఇద్దరే అయినా వాళ్ళింట్లో మాటలు సాగాలంటే మూడో మనిషి కావాలి. ఎందుకంటే మా అక్క ఆయనతో నేరుగా మాట్లాడటం మానేసి అప్పటికి చాలా ఏళ్ళయింది. పోట్లాటలు లేవు, అలకలు లేవు. అక్క వేళకి వండి వడ్డించేది. ఆయన వేళకి అక్క బీపీ మందులు తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టేవారు. నేను వెళ్ళినప్పుడల్లా దుబాసీ ఉద్యోగం నాది. "పెరుగు వేసుకుంటారేమో అడగరా" అనేది అక్క, ఆయన కంచానికి రెండడుగుల దూరంలో గిన్నె పట్టుకుని. "చాలని చెప్పవోయ్" అనేవారు ఆయన, తల ఎత్తకుండా. నేను లేనప్పుడు పనిమనిషి, పనిమనిషి రానినాడు గోడగడియారం. "ఒంటిగంట కొట్టావు గానీ, తినేవాళ్ళు లేచొస్తారో లేదో నీకేం తెలుసులే" అని అక్క గడియారంతో అంటే, ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చునేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. వాళ్ళింటి నుంచి తిరిగొస్తూ బస్సులో మాత్రం ఎప్పుడూ నవ్వు రాలేదు.

ఆ మౌనానికి మూలం ఓ పొలం. మా నాన్న అక్క పేర రాసిన చెక్క అది, నరసాపురం వైపు కాలువ పక్కన. గట్టు మీద కొబ్బరిచెట్లు, నిండా వరి. అక్కకి అదంటే ప్రాణం. కోతల రోజుల్లో గట్టున కూర్చుని మజ్జిగ పోయించేది, కుప్ప నూర్చేదాకా ఇంటికి వచ్చేది కాదు. ఓ ఏడాది మా అమ్మ జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే అక్క వచ్చి మా ఇంట్లో ఉండిపోయింది. అమ్మ కర్ర పట్టుకుని నడిచేసరికి ఎండాకాలం వచ్చింది. అక్క తిరిగి వెళ్ళి చూస్తే పొలం లేదు. పొక్లెయిన్ పెట్టి తవ్వించేసి రొయ్యల చెరువు చేసేశారు బావగారు. ఆయన దుర్మార్గుడు కాదండి. ఆశపోతు కూడా కాదు. చుట్టుపక్కల అందరూ చెరువులు తవ్వేశారు. నాలుగు పక్కలా ఉప్పునీళ్ళు నిలబడ్డాక మధ్యలో వరి ఎలాగూ బతకదు. ఆ మాట అక్కకి చెబితే ఒప్పుకునేదేమో. ఆయన చెప్పలేదు. చెబితే ఏడుస్తుందని చెప్పలేదని నాతో ఒకసారి అన్నారు.

మొదటి పట్టుబడి బాగానే వచ్చింది. ఆ తర్వాత తెల్లమచ్చ తెగులు పట్టుకుంది. రొయ్యలు ఎర్రబడి గట్టువారకి కొట్టుకొచ్చేవి. కాకులు కూడా తిని తిని విసిగిపోయాయి. చెరువు ఎండగట్టి మళ్ళీ వేశారు, మళ్ళీ అదే. చివరికి చెరువు పూడ్పించి మళ్ళీ వరి వేద్దామని నారు పోయిస్తే మొలకలు ఎర్రబడి మాడిపోయాయి. భూమి నిండా ఉప్పు దిగిపోయింది. అక్క ఆ మడి చూసి వచ్చి, కాళ్ళు కడుక్కుని, వంటింట్లోకి వెళ్ళింది. ఆరోజు నుంచే ఆయనతో మాట మానేసింది.

ఆ తర్వాత బావగారికి పనంటూ లేకుండా పోయింది. పొద్దున్నే పేపరు, సాయంత్రం రామలింగేశ్వరుడి గుడి వైపు నడక. అలాంటి మనిషి ఓసారి కాకినాడలో స్నేహితుడి ఇంటికి వెళ్ళి, అక్కడ పక్కవాటాలో ఇంట్లోనే సముద్రపు చేపలు పెంచే ఒకాయన తొట్టె చూసి వచ్చారు. అందులో ఎనిమోన్ ఉందట. సముద్రంలో రాయికి అతుక్కుని బతికే ప్రాణి అది. చూడటానికి పువ్వు, నిజానికి జంతువు. రేకుల్లా కనిపించేవన్నీ దాని చేతులు. చిన్నచిన్న చేపలొచ్చి వాటి మధ్య కాపురం ఉంటాయట. వచ్చిన దగ్గర్నుంచి బావగారికి అదే ధ్యాస. హాల్లో టీవీ జరిపి, ఇనుప స్టాండు చేయించి, దాని మీద మనిషి పడుకునేంత గాజు తొట్టె దింపించారు. అక్క నాకు ఫోన్ చేసింది. "పొలంలో పోసింది చాలక ఇప్పుడు ఇంట్లోకి తెస్తున్నార్రా ఉప్పునీళ్ళు" అంది. ఆ గొంతులో కోపం కంటే భయం ఎక్కువ వినిపించింది నాకు.

ముందు ఆయన సముద్రపు నీళ్ళే తెద్దామనుకున్నారు. డబ్బాలు పట్టుకుని అంతర్వేది దాకా వెళ్ళి, రొయ్యల రోజుల్లో కొన్న ఉప్పు కొలిచే మీటరులో ఓ చుక్క వేసి చూసి, ఖాళీ డబ్బాలతో తిరిగొచ్చారు. అక్కడి సముద్రంలో సగం గోదావరేనట. అంత ఉప్పు చాలదు, పైగా ఒండ్రు. దాంతో సముద్రపు ఉప్పు పొడి పార్సిల్లో తెప్పించారు. "సముద్రం పక్కన పెట్టుకుని ఉప్పు కొరియర్లో తెప్పించుకునే మనిషిని ఎక్కడైనా చూశావుట్రా" అని అక్క నన్నడిగింది, ఆయనకి వినపడేలా. ఆయన పెరట్లో నీలం డ్రమ్ము ముందు కూర్చుని, ఫిల్టరు నీళ్ళలో ఆ పొడి కర్రతో కలుపుతూ చిన్నగా నవ్వారు. నాకు తెలిసి ఆ ఇంట్లో చాలా ఏళ్ళకి వినపడిన మొదటి నవ్వు అది.

నీళ్ళు పోశారు, రాళ్ళు పేర్చారు, దీపాలు పెట్టారు, పంపులు తిప్పారు. ఆ తర్వాత నెలల తరబడి ఆ తొట్టెలో ఏమీ లేదు. ఇరుగుపొరుగు వచ్చి వంగి చూసి, "చేపలేవండీ?" అనేవారు. "ముందు నీళ్ళు తయారవ్వాలండి" అనేవారాయన. ఊరంతా నవ్వింది, బావగారు ఖాళీ నీళ్ళకి దీపం పెట్టి కూర్చున్నారని. ఆయన మాత్రం రోజూ గొట్టాల్లో రంగునీళ్ళు పోసి పరీక్షలు చేసుకుంటూ, అద్దాల మీద నాచు పడితే గీకుతూ ఓపిగ్గా కూర్చున్నారు. నాకు ఆశ్చర్యం వేసి అడిగితే, "చెరువులో తొందరపడ్డానోయ్. నీళ్ళు కుదురుకోకుండానే రొయ్యపిల్లల సీడ్ వదిలేశాను. పక్కవాడు వదిలాడని నేనూ వదిలాను" అన్నారు. వంటింట్లో గరిటె చప్పుడు కాసేపు ఆగింది. అక్క విన్నదని మా ఇద్దరికీ తెలుసు.

ఎనిమోన్ వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. కాకినాడ ఆయన తన తొట్టెలోదే ఒకటి విడిపోయి రెండైతే, అందులో ఒక దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని స్వయంగా తెచ్చారు. సంచిలోంచి తీసేసరికి అది నమిలి ఊసిన తాంబూలంలా ఉంది. దాన్ని రాళ్ళ మధ్య దింపి ఆయన భోంచేసి వెళ్ళిపోయారు. మేమిద్దరం తొట్టె ముందు కుర్చీలేసుకుని కూర్చున్నాం. గంటలు గడిచినా అది ముడుచుకునే ఉంది. అక్క మంచినీళ్ళు తెచ్చే మిష మీద ఒకసారి, కాఫీ మిష మీద ఒకసారి, ఏ మిషా లేకుండా ఒకసారి హాల్లోకి వచ్చింది. చివరికి కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయి, "బతుకుతుందా?" అంది.

బావగారు నా వైపు తిరిగి, "బతుకుతుందని చెప్పవోయ్ మీ అక్కతో" అన్నారు.

"నేను మిమ్మల్నే అడిగాను" అంది అక్క.

ఆయన కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకున్నారు. తుడవాల్సింది కళ్ళజోడు కాదు గానీ, నేను చూడనట్టు ఊరుకున్నాను. "బతుకుతుంది. కాస్త టైమివ్వాలి" అన్నారు. సాయంత్రానికి అది మెల్లగా విచ్చుకుంది. గోధుమరంగు చేతులు, కొసల్లో చిన్నచిన్న బుడగలు, బుడగల మీద గులాబీ మెరుపు. అక్క అద్దం దగ్గర కూర్చుని చాలాసేపు చూసింది. "పువ్వు" అంది. ఆ ఇంట్లో దానికి అదే పేరైపోయింది.

అక్కణ్ణుంచి ఏడాదికి పైగా వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. నిజం చెప్పాలంటే తొట్టె గురించి తప్ప ఇంకేం మాట్లాడుకోలేదు. కానీ తొట్టె గురించి మాట్లాడటానికి ఎంతుందో నాకు అప్పుడే తెలిసింది. నీళ్ళు ఆవిరైపోతే ఉప్పు మిగిలిపోతుంది కాబట్టి రోజూ మంచినీళ్ళు కలపాలి, ఆ పని అక్క తీసుకుంది. "ఉప్పు పెరిగిందండీ", "ఓ చెంబు పొయ్యి", "పోశాను", "మరోటి పొయ్యి". పువ్వుకి తోడు తెల్లపట్టీల నారింజరంగు చేపల జంట వచ్చింది. వాటిలో పెద్దది ఆడదని, ఇంటి పెత్తనమంతా దానిదేనని బావగారు చెబితే అక్క వారం పాటు సంతోషంగా ఉంది. ఒకరోజు పువ్వు తన చోటు వదిలి జరగడం చూసి, "దీనికి కాళ్ళున్నాయా?" అని కంగారుపడింది. "ఒకే కాలు. నచ్చిన చోటు దొరికేదాకా నడుస్తుంది" అన్నారాయన. నడుస్తూ నడుస్తూ పంపులో పడితే ముక్కలైపోతుందని అక్క పాత దోమతెర కత్తిరించి పంపు మూతులకి కట్టింది. మేత పెట్టేటప్పుడు పొడుగాటి పట్టకారుతో చిన్న రొయ్య ముక్క అందించేది. పువ్వు దాన్ని చేతులన్నీ ముడిచి గుటుక్కున దాచుకునేది. "మనల్ని ముంచిన రొయ్యని ఇది మింగుతోంది, పోన్లే" అంది ఓసారి. ఇద్దరూ నవ్వారట. చెరువు మాట ఆ ఇంట్లో అలా నవ్వుతో రావడం అదే మొదలు.

మే నెలలో ఎండలు తొట్టెకి పరీక్ష. ఆ హాల్లో ఏసీ పెట్టించారు. అక్కకి మోకాళ్ళకి పడదని ఇన్నాళ్ళూ పెట్టించని ఏసీ అది, పువ్వు కోసం మాత్రం శాలువా కప్పుకుని కూర్చుంది. వారంవారం పాత నీళ్ళు కొన్ని తీసి కొత్తవి పొయ్యాలి. తీసిన ఉప్పునీళ్ళని బావగారు బకెట్లతో మోసుకుని గేటు దాటి, రోడ్డు దాటి, అవతలి సిమెంటు కాలువలో పోసి వచ్చేవారు. గుమ్మం పక్కనే అక్క మల్లెపాదులు, జామచెట్టు ఉన్నాయి. ఎవరైనా అయితే ఆ పక్కనే కుమ్మరించేస్తారు. "చూశావా, ఒక్క చుక్క మట్టిలో పడనివ్వరు" అంది అక్క నాతో, కిటికీలోంచి ఆయన్ని చూస్తూ. అంతకుమించి ఆమె అనలేదు. ఆయనా ఎప్పుడూ చెప్పలేదు. బకెట్టు తొణికితే మాత్రం చెంబుడు మంచినీళ్ళు తెచ్చి అక్కడ పోసేవారు.

ఆ ఏడాది తుఫాను పట్టింది. ఆరోజు నేను లేను, అక్క తర్వాత చెప్పింది. తెల్లవారుజామునే కరెంటు పోయింది. ఇన్వర్టరు మధ్యాహ్నందాకా లాగి చేతులెత్తేసింది. పంపులు ఆగితే నీళ్ళలో గాలి ఆడదు, గాలాడకపోతే పువ్వూ చేపలూ బతకవు. ఇద్దరూ తొట్టెకి చెరోపక్క నిలబడి, చెంబులతో నీళ్ళు ముంచి పైనుంచి ధారగా పోస్తూ గడిపారు. బయట కొబ్బరిమట్టలు విరిగిపడుతున్నాయి. ఇంట్లో చెంబుల చప్పుడు తప్ప మరోటి లేదు. అప్పుడు బావగారు, "పొలం సంగతి నీతో ఎప్పుడో చెప్పాల్సింది" అన్నారట.

"ఇప్పుడా సంగతులెందుకండీ? చెయ్యి ఆపకండి, పొయ్యండి" అంది అక్క.

"కాదు, ఆరోజు నువ్వు మీ అమ్మగారింట్లో ఉండగా..."

"తర్వాత చెబుదురుగాని."

ఆయన ఆగిపోయారు. చీకటి పడేలోపే కరెంటొచ్చింది. పువ్వు చిక్కిపోయి ముడుచుకుందే గానీ చావలేదు. మర్నాడు విచ్చుకుంది. అక్క పాయసం చేసింది. తర్వాత చెబుదురుగాని అన్న మాట ఇద్దరూ మర్చిపోయారో, గుర్తుండీ ఊరుకున్నారో నాకు తెలియదు. అంతకాలం తర్వాత ఇంట్లో కాస్త చల్లగాలి వీస్తుంటే, పాత పుండు కెలకడమెందుకని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించేది.

శీతాకాలంలో ఓ పొద్దున డ్రమ్ము దగ్గర కూర్చుని ఉప్పు కలుపుతున్న మనిషి చేతిలో కర్ర జారిపోయింది. పక్షవాతం. రాజమండ్రి ఆసుపత్రికి తీసుకొచ్చారు. నేను రోజూ వెళ్ళి కూర్చునేవాణ్ణి. అక్క పక్కనే ఉంది. పక్కింటి టీచరమ్మకి తొట్టె అప్పగించి, రోజూ ఫోన్లో ఉప్పెంతుందో కనుక్కుని ఆయన చెవిలో చెప్పేది. ప్రాణానికి భయం లేదన్నారు డాక్టర్లు. కుడిచెయ్యి కొంత, కాలు కొంత వచ్చాయి. మాట మాత్రం రాలేదు. ఒక్క మాట మిగిలింది. నీళ్ళు. ఆకలేసినా నీళ్ళే, దిండు సర్దమన్నా నీళ్ళే, నన్ను చూసి ఆప్యాయంగా ఎడంచెయ్యి చాపినా నీళ్ళే. ఏ మాట అనబోయినా నోటికి అదే వస్తోందని ఆయనకి తెలుసు. అన్నాక విసుగ్గా తల అడ్డంగా ఊపేవారు. చూడటం కష్టంగా ఉండేది.

ఇంటికి తెచ్చాక ఆయన కుర్చీ తొట్టెకి ఎదురుగా వేసింది అక్క. పనంతా తనే చేసేది. డ్రమ్ములో ఉప్పు కలిపేది, మీటరు కన్ను దగ్గర పెట్టుకుని చూసేది, బకెట్లు రోడ్డు దాటించడానికి మాత్రం మనిషిని పెట్టుకుంది. ఆయన వేలితో చూపించేవారు. పొద్దస్తమానం అక్క మాట్లాడుతూనే ఉండేది. ఇన్నేళ్ళ మాటలూ ఎక్కడ దాచుకుందో, ఒక్కొక్కటే తీసి ఆయన ముందు పెట్టేది.

ఓ మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఇద్దరూ తొట్టె ముందున్నారు. నేను పక్కన కూర్చున్నాను. పువ్వు బాగా విచ్చుకుని ఉంది, చేపలు దాని చేతుల్లో దొర్లుతున్నాయి. అక్క ఆయన వైపు తిరక్కుండానే, "ఏవండీ, నా కోపం పొలం పోయినందుకు కాదండి" అంది. "మీరు నాకు చెప్పలేదని. చెప్పుంటే ముందు ఏడ్చేదాన్ని, ఆ తర్వాత సరేననేదాన్నేమో. ఇప్పుడా కోపం కూడా లేదు. ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. మీకు చెప్పాలి కదా అని చెబుతున్నా."

బావగారు కుర్చీలో కదిలారు. ఎడంచేత్తో అక్క చెయ్యి పట్టుకుని, పెదవులు కూడదీసుకుని ఏదో అనబోయారు. "నీళ్ళు" అన్నారు. తల విదిలించి మళ్ళీ ప్రయత్నించారు. "నీళ్ళు... నీళ్ళు..." కళ్ళలోంచి ధార కడుతోంది. నేను గాభరాగా గ్లాసు కోసం లేచాను.

"నీళ్ళడగట్లేదురా. కూర్చో" అంది అక్క.

కూర్చున్నాను. ఆయన ఆ ఒక్క మాటనే రకరకాలుగా, పెద్దగా, మెల్లగా, బతిమాలుతున్నట్టు, కోప్పడుతున్నట్టు అంటూనే ఉన్నారు. ఏదో పెద్ద సంగతే చెబుతున్నారు. మొదలూ తుదా ఉన్న సంగతి. మాకు అందింది ఆ రెండక్షరాలే. అలసిపోయి చివరికి ఊరుకున్నారు. అక్క ఆయన మొహం కొంగుతో తుడిచి, "సర్లెండి, నాకు తెలుసులెండి" అంది. తెలియదని ఆ గొంతే చెబుతోంది.

మరుసటి వర్షాకాలంలో బావగారు పోయారు. నిద్రలోనే, ఏ బాధా లేకుండా. కర్మలు అయ్యాక కాకినాడ ఆయనకి కబురు పెట్టి, పువ్వునీ చేపల్నీ తీసుకెళ్ళమంది అక్క. ఉంచుకోవచ్చు కదా అని నేనంటే, ఇక బకెట్లు మొయ్యలేనంది. ఆ కాకినాడాయన వచ్చి పువ్వు కాలు గోరుతో మెల్లగా రాయి మీంచి ఊడదీస్తుంటే అది ముడుచుకుపోయి, వచ్చిన రోజులాగే చిన్న ముద్దయిపోయింది. అక్క వాకిట్లోకి వచ్చి కూర్చుంది. ఆటో వెళ్ళిపోయాక నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఆరోజు నేను చెప్పింది మీ బావగారు విన్నారంటావా?" అంది.

"విన్నారక్కా. బాగా విన్నారు. నేను చూశాను కదా."

"ఆయన విన్నారు సరే" అంది అక్క. "ఆయన చెప్పేది నేను వినలేదు కదరా. చెబుతానన్న రోజు చెప్పనివ్వలేదు."

తుఫాన్లో చెంబులతో నీళ్ళు పోసే మనిషి ఇంకేం అనగలదని సర్దిచెప్పబోయాను గానీ, ఆ మాట నాకే తేలిగ్గా వినిపించి మానేశాను. వీధిలో వాన వెలిసి పిల్లలు సైకిళ్ళు తీశారు. అక్క లేచి లోపలికి వెళ్ళి, నేను సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతే రాత్రికి తనొక్కతే అయినా, అలవాటుగా రెండు గ్లాసుల బియ్యం కడిగింది.

ఇప్పటికీ ఎవరైనా ఏదైనా చెప్పబోయి ఆగితే, పనులన్నీ పక్కన పెట్టి వినాలనిపిస్తుంది నాకు. అన్నిసార్లూ వింటానని కాదు. కాలం ఎప్పుడూ మనల్ని తొందరపెట్టదు, తర్వాత చూద్దామంటే సరేనంటుంది. అందుకే కాబోలు, అది అయిపోయిన సంగతి మనకి తెలియనే తెలియదు.